అంబాసిడర్ తైలారోహణ పర్వం

స్వస్తి! ఖారూన్ నదీజల శీతలమై, టాటీబంధ్ చౌరస్తా లారీల పొగచేత అహోరాత్ర ధూపసేవితమై వెలుగొందే రాయ్‌పూర్ మహానగరంలో, రెండువేల పదకొండవ సంవత్సర ఫాల్గుణ మాసపు ఒకానొక ఆదివారం, వీధి వీధంతా ఆవపోపు పరిమళించే శుభవేళ, రైల్వే వ్యాగన్లకు జీవితమంతా చికిత్స చేసి రిటైరైన అమ్మిరాజు అనే మహావీరుడు, నడుముకు తువ్వాలు బిగించి, స్పానరు చేబూని, తన పెరటి రణరంగంలో అడుగుపెట్టాడు. వినండి నాయనలారా, వినకపోతే నష్టం మీదే.

ఎదుట నిలిచింది ఒకప్పుడు తెల్లగా ఉండిన అంబాసిడర్. దాని ఇంజనును ఆ వీరుడు నట్టు నట్టుగా విప్పి, కడిగి, కొత్త పిస్టన్లు తొడిగి, మళ్ళీ బిగించాడు. ఇక మిగిలింది తొలి గర్జన. దానికి ముందు ఒక ధర్మం ఉంది: కొత్తగా కట్టిన ఇంజనులో నూనె పైకెక్కి, డాష్‌బోర్డులో నూనె మీటరు ముల్లు లేచేదాకా స్టార్టు చేయకూడదు. చేస్తే నూనె అందని బేరింగులు పట్టేసి, పడిన శ్రమంతా బూడిదలో పోసిన పన్నీరవుతుంది.

ఆవలి పక్షాన, వటకశోషణ దీక్షాధురంధర, ధర్మపత్ని భ్రమరాంబ. వడియాల పిండి గిన్నెతో గుమ్మంలో నిలిచి ఆమె చేసిన శాసనం ఇది:

"పొద్దు నడినెత్తికొచ్చేలోగా ఇది కూసిందా, సరే. లేదా, కబాడీకి ఇచ్చేత్తాను. వడియాలెట్టుకోడానికి జాగా లేదండి బాబూ నాకు!"

ఉత్తమాట కాదది. పాత ఇనుము కొనే దుకాలూ అనేవాడు అప్పటికే మినీ లారీతో గేటు దగ్గర దిగి, బీడీ ముట్టించాడు.

ఇంజను తేలిగ్గా తిరగాలని అమ్మిరాజు స్పార్కు ప్లగ్గులు ఊడదీశాడు. ముందువైపు హ్యాండిలు దూర్చి, స్వేదబిందు సందోహ శోభిత ఫాలభాగుడై, భుజదండ ప్రచండ విజృంభణతో గిరగిరా తిప్పాడు. ముల్లు లేవలేదు. మళ్ళీ తిప్పాడు. అరచేతులు బొబ్బలెక్కాయి, నడుము పట్టేసింది, ముల్లు మాత్రం మొద్దునిద్ర వదల్లేదు. సూర్యుడు చూస్తే నడినెత్తికి వచ్చేశాడు.

"కబ్ తక్ ఘుమాబే బబా? సెల్ఫ్ మార్ దే నా!" అని, ఇంకెంతసేపు తిప్పుతావు, సెల్ఫ్ స్టార్టరు కొట్టేయమని దుకాలూ తొందరపెట్టాడు.

'ఓరీ లోహభక్షకా! శుష్కకంఠమైన యంత్రమును గర్జింపుమని దాని ప్రాణము హరించుటకంటె, సజీవముగా నీకు సమర్పించుటయే వీరధర్మము!' అని గర్జించాలని అమ్మిరాజుకు ఉంది. నోటికి వచ్చింది మాత్రం ఇంతే:

"నహీ రే. సూఖా నహీ చలాతా మై. లేజానా హై తో లేజా."

నూనె లేని ఇంజను నడపను, పట్టుకుపోతే పో అనేసి, వాడిన మొహంతో కారు బానెట్టు నిమిరాడు. భ్రమరాంబకు మనసు చివుక్కుమంది. కారంటే ఎంత కోపమున్నా, మొగుడి మొహం అలా అయిపోతే చూడలేదు ఆ ఇల్లాలు. పిండి గిన్నె కింద పెట్టింది.

"ఏవండీ, అభన్‌పూర్లో అక్కావాళ్ళ బోరింగు ఎండిపోతే ఏం చేత్తారండీ? పైనుంచి చెంబుడు నీళ్ళోసి కొడతారు. ఊరికే కొడితే గాలే కదా వచ్చేది? మీరు దీనికి పోశారా?"

అమ్మిరాజుకు అప్పుడు వెలిగింది. నూనె ఫిల్టరును నింపకుండా, పొడిగానే బిగించేశాడు! తల బాదుకుని దాన్ని విప్పాడు. ఆయన గరాటా పట్టగా ఆమె నూనె డబ్బా వంచింది. ఫిల్టరు నిండింది, పంపు గొంతు తడిసింది. అంతా బిగించి, ఆయన హ్యాండిలు తిప్పుతుంటే ఆమె లోపల మీటరుకు కావలి కూర్చుంది.

"లేచిందండోయ్! ముల్లు లేచింది!"

ప్లగ్గులు బిగిశాయి. తాళం తిరిగింది. ఇంజను ఒకసారి దగ్గి, రెండోసారి తుమ్మి, ఆపై ప్రళయకాల ఘనాఘన ఘోషంతో గర్జించింది. కాకులు లేచిపోయాయి.

"అరే, ఏ తో చాలూ హోగే!" అని నిట్టూర్చి దుకాలూ ఖాళీ లారీతో వెళ్ళిపోయాడు.

భ్రమరాంబ ముందు సీట్లో కొంగు సర్దుకుంది. "పదండి, తెలీబాంధా చెరువుదాకా పోయొద్దాం."

"ఇవాళ కదల్చకూడదే. కొత్తింజను. నిలబెట్టే తిప్పాలి."

"అయితే కూర్చుందాం లెండి."

అలా, దిక్పాలకులారా, అష్టదిగ్గజములారా, చెవి ఒగ్గండి! ఆ మహారథం ఒక్క అంగుళమైనా ముందుకు సాగక, నిన్న ఉన్న చోటనే నేడూ ఉండే హక్కును సాధించింది. విజయోత్సాహంతో ఆ దంపతులిద్దరూ పక్కపక్కన కూర్చుని, ఎదుటి పెరటి గోడను చూసుకుంటూ, చాలాసేపు షికారు చేశారు.