పెద్దమనుషుల ఉమ్మడి ముఖం

పందొమ్మిదివందల నలభై ఆరో సంవత్సరంలో పుంగనూరు, కుప్పం ఊళ్ళల్లోని పెద్దమనుషులకు ఎవరి ముఖం వారికి విడివిడిగా ఉండేదనడానికి నమ్మదగ్గ ఆధారాలేవీ దొరకడం లేదని ఇందుమూలంగా తెలియజేయడమైనది. ఆధారాలంటే ఫోటోలే కదా. ఆ ఫోటోలన్నీ తీసినవాడు మదనపల్లె శాంతిరాజు. కాబట్టి తప్పేదైనా ఉంటే అతని దగ్గర్నుంచే మొదలుపెడదాం. పెద్దమనుషుల దగ్గర్నుంచి మొదలుపెట్టడం మన ఆచారం కాదు.

శాంతిరాజు తండ్రి సత్యానందం మిషన్ ఆసుపత్రిలో కాంపౌండరు. కొడుకును కూడా అక్కడే కట్లు కట్టే గదిలో పెట్టించాలని ఆయన ప్రార్థనలో ఏళ్ళ తరబడి అడుగుతూ వచ్చాడు. ప్రభువు ఏమనుకున్నాడో గాని, శాంతిరాజు రక్తం చూస్తే కళ్ళు తిరిగి పడిపోయే రకం. ఇంట్లో కోడిని కోస్తున్నారంటే వీధి చివరికి వెళ్ళి నిలబడేవాడు. అతని పిచ్చి వేరు. చర్చిలో ప్రసంగం జరుగుతున్నంతసేపూ ముందు వరుసలో ఎవరి ముఖం మీద ఎండ ఎట్లా పడుతున్నదో చూస్తూ కూర్చునేవాడు. ఒక దొరసాని సీమకు తిరిగి వెళ్ళిపోతూ తన పాత కెమెరా, దాని మూడుకాళ్ళ స్టాండు, నల్లగుడ్డ అతని చేతిలో పెట్టిపోయింది. అంతే, మనిషి ముఖాన్ని ఉన్నదున్నట్టు పట్టుకోవడమొక్కటే తాను బతుకులో చేయాల్సిన పని అని గట్టిగా నమ్మేశాడు. అప్పటికింకా చిన్నవాడు.

మదనపల్లె బజారులో ఈశ్వరప్పకు ఫోటో స్టూడియో ఉండేది. శాంతిరాజు వెళ్ళి పనిలో పెట్టుకోమని అడిగాడు. ఈశ్వరప్ప గొంతు సవరించుకుని, ఎదురుగా ఉన్నది ఒక్కడే అయినా ఒక సభను ఉద్దేశించినట్టు మాట్లాడాడు.

"సూడప్పా, ఫోటో అనేది పెట్టె పని కాదు, గౌరవం పని. కూలోణ్ణి, గొర్రెలోణ్ణి ఎవుడైనా తీస్తాడు. పెద్దమనుషుల్ని తీసినోడే ఫోటోగ్రాఫరు. మదనపల్లె పెద్దలంతా నావాళ్ళు. నువ్వు పుంగనూరు పో, కుప్పం పో. ఆడుండే పెద్దల్ని తీసి ఒక ఆల్బం కట్టుకొని రా. క్రిస్మసు లోపల తెస్తే నా పక్కన కుర్చీ ఏస్తా. లేదంటే మీ నాయన చెప్పినట్టు పుండ్లు కడుక్కో."

సత్యానందం కూడా అదే గడువు పెట్టాడు. పండగ దాటితే ఆసుపత్రి గదే. శాంతిరాజు కెమెరా భుజానికెత్తుకుని పుంగనూరు బస్సెక్కాడు.

పుంగనూరు పెద్దమనుషుల్లో మొదటివాడు బియ్యం మిల్లు వెంకటరమణప్ప. కొత్తగా కట్టించిన సత్రంలో తన ఫోటో వేలాడాలని ఆయనకు ఎంత కోరికో, ఫోటో తీయించుకుంటే ఆయుస్సు తగ్గుతుందని అంత భయం. ఈ సంగతి ఆ రోజుల్లో అందరికీ తెలిసిందే. పెట్టె కన్ను తెరిచినప్పుడల్లా ఎదుటి మనిషి ఆయుస్సులోంచి కొంత లాగేసుకుంటుంది. ఎంత లాగుతుందన్న దగ్గరే అభిప్రాయ భేదాలుండేవి. మామూలు జనం ఆరునెలలనేవారు. చదువుకున్నవాళ్ళు ఏడాది అనేవారు.

మిల్లు నడిపే బుర్రతోనే వెంకటరమణప్ప దీనికీ దారి కనిపెట్టాడు.

"నేను మడక పట్టను, దానికి మనిషుండాడు. మూట మొయ్యను, దానికీ మనిషుండాడు. నా తరఫున కొండకు నడిచిపొయ్యి మొక్కు తీర్చేదానికి కూడా మనిషుండాడు. ఫోటోకి మాత్రం నేనే యాల కూర్చోవాల? ఒరే చిన్నస్వామీ, ఇట్ల రా."

చిన్నస్వామి గుడుపల్లె నుంచి వచ్చి ఆ ఇంట్లో పాలేరుగా ఉన్నవాడు. కొట్టంలోంచి వచ్చి వాకిట్లోనే ఆగాడు. అంతకుమించి లోపలికి రావడానికి అతని కులానికి అనుమతి లేదు. సన్నటి మనిషి, ఎడమ కనుబొమ్మ మీద ఎప్పుడో కొడవలి తగిలిన గాటు తెల్లగా కనబడుతూ ఉంటుంది.

"ముఖం మీది కాదు కదయ్యా," అన్నాడు శాంతిరాజు.

"ముఖం ఎవుడిదైతే ఏమప్పా. కోటు నాది, తలపాగా నాది, గడియారం నాది, కుర్చీ నాది. ఇన్ని నావైనంక ముఖమొకటి అటూ ఇటూ అయితే మునిగిపొయ్యేదేముండాది?"

"మరి అతని ఆయుస్సు తగ్గదా?"

"వాడికి ఆయుస్సు యాల? దాన్ని పెట్టుకొని వాడేం చేస్తాడు?"

వెంకటరమణప్ప ఇది నిజంగానే తెలుసుకోగోరి అడిగాడు. చిన్నస్వామి కూడా అదే ఆలోచిస్తూ కోటు తొడుక్కున్నాడు.

ఇక కుర్చీ చిక్కు వచ్చింది. ఆ ఇంటి కుర్చీలో చిన్నస్వామి కూర్చోకూడదు. ఫోటోలో కూర్చోకపోతే పెద్దమనిషి కాడు. పురోహితుణ్ణి పిలిపించారు. ఆయన పంచాంగం తిరగేసి, కోటు ఒంటి మీద ఉన్నంతసేపు అతను వెంకటరమణప్పే గనుక దోషం లేదనీ, విప్పిన తక్షణం కుర్చీకి పసుపునీళ్ళు చల్లితే చాలనీ తీర్మానించాడు. అందరికీ ప్రాణం లేచొచ్చింది. కుర్చీని వాకిట్లోకి తెచ్చి, వెనక దుప్పటి కట్టి ఫోటో తీశారు. కోటు ఒక చేయి ఊడుతుండగానే చల్లడం మొదలుపెట్టారు కాబట్టి కొన్ని నీళ్ళు చిన్నస్వామి మీద కూడా పడ్డాయి. అతను తుడుచుకుని కొట్టంలోకి వెళ్ళిపోయాడు.

శాంతిరాజు మనసు ఒప్పుకోలేదు. పండగ గుర్తొచ్చింది, పుండ్లు గుర్తొచ్చాయి, అప్పుడు ఒప్పుకుంది.

ఫోటో కడిగి తెచ్చిన రోజు ఆ ఇంట్లో జరిగిన సంబరం అంతా ఇంతా కాదు. వెంకటరమణప్ప భార్య వసంతమ్మ దాన్ని కళ్ళకద్దుకుంది. "ఇన్నేండ్లలో ఈయప్ప మొగంలో ఇంత శాంతం నేను సూడలేదమ్మా," అని పక్కింటివాళ్ళకు చెప్పి కళ్ళు తుడుచుకుంది. అచ్చం నాయనే అన్నారు కొడుకులు. వెంకటరమణప్ప ఒక చేత్తో ఫోటో, ఒక చేత్తో అద్దం పట్టుకుని చాలాసేపు పోల్చి చూసుకున్నాడు. రెండింటికీ కుదరకపోయేసరికి అద్దం చెడిపోయిందని దాన్ని అవతల పడేయించాడు.

ప్రాణభయం లేని ఫోటో అనేసరికి ఊరు ఊరంతా ఎగబడింది. వకీలు తన నల్లకోటు పంపాడు, చట్టం పుస్తకం పంపాడు. చిన్నస్వామి ఆ పుస్తకాన్ని రెండు చేతులా దూడను పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. కోర్టులో ఇంత శ్రద్ధగా పుస్తకం పట్టుకున్న వకీలు మరొకరు లేరని మెచ్చుకున్నారు. గుడి ధర్మకర్త తన శాలువ, రుద్రాక్షలు పంపుతూ ముఖంలో భక్తి కాస్త ఎక్కువ పెట్టమని కబురు చేశాడు. ఆ పూట చిన్నస్వామికి అన్నం ఆలస్యమైనందువల్ల భక్తి బ్రహ్మాండంగా కుదిరింది.

పెద్దలకు పెద్దలు సాయం చేసుకోవడం మర్యాద కాబట్టి, వెంకటరమణప్ప తన పాలేరును కుప్పం పెద్దమనుషుల వాడకానికి కూడా ఇచ్చి పంపాడు. బొగ్గుతో నడిచే బస్సులో శాంతిరాజు లోపల కూర్చున్నాడు. కెమెరా పెట్టె, చిన్నస్వామి బస్సు పైకప్పు మీద వచ్చారు.

కుప్పంలో చెనక్కాయల మండీ యజమానిది భారీ శరీరం. చిన్నస్వామి కోటులోపల ఎండుగడ్డి కుక్కి ఆ లోటు తీర్చారు. అయితే ఆయనకు భార్య సుశీలమ్మతో కలిసి దంపతుల ఫోటో కావాలి. ఆమె పరాయి మగవాడి ముందు కూర్చునే మనిషి కాదు, ఆమె ఆయుస్సు కూడా ఆయుస్సే. శాంతిరాజు పంతానికి పోయి తన విద్యంతా చూపించాడు. కెమెరా కన్ను సగం మూసి, కుడిపక్క కుర్చీలో చిన్నస్వామిని కోటుతో తీశాడు. తర్వాత మీసం గీయించి, సుశీలమ్మ పట్టుచీర కట్టించి, మిగతా సగంలో ఎడమపక్క కుర్చీలో తీశాడు. ఇన్నేళ్ళ కాపురంలో మొగుడూ పెళ్ళాలకు పోలికలు ఎంత చక్కగా కలిసిపోయాయో చూడండని కుప్పమంతా చెప్పుకుంది. అన్యోన్య దాంపత్యానికి గుర్తుగా ఆ ఫోటోను కొత్త జంటలకు చూపించేవారు. ఆ తర్వాత కూర్చున్న పెద్దమనుషులందరికీ బొగ్గుతో మీసాలు దిద్దాల్సి వచ్చింది.

ఆల్బం నిండింది. ఫోటో తీసే గాజు ప్లేటు ఒక్కటి మిగిలింది. తిరుగుదారిలో గుడుపల్లె దగ్గర చిన్నస్వామి మొదటిసారి నోరు విప్పి ఒకటి అడిగాడు.

"అప్పా, నన్ను కూడా ఒకటి తియ్యి. ఊరికే, నన్ను నన్నుగా. కోటొద్దు. మా బుజ్జమ్మ అడగతాండాది."

"ఆయుస్సు భయం లేదా చిన్నస్వామీ?"

"అంతమంది ఆయుస్సు పొయినంక నాదింకెంత మిగిలుంటాదిలే. అదీ పోనీ."

గుడిసె ముందు, పొద్దు వాలే వెలుతురులో, చొక్కా లేకుండా నిలబడ్డాడు చిన్నస్వామి. భార్య బుజ్జమ్మ కెమెరా పక్కన నిలబడి నవ్వుతుంటే ఆమెకేసి చూశాడు. సరిగ్గా అప్పుడు తీశాడు శాంతిరాజు. కడిగి చూసుకుంటే గాటు, కంటి కింద మడతలు, పెదవి చివర రాబోయే నవ్వు, అన్నీ ఉన్నవి ఉన్నట్టు వచ్చాయి. చర్చిలో కూర్చుని తాను ఇన్నాళ్ళూ కలగన్న ఫోటో ఇదే. పట్టలేని సంతోషంతో దాన్ని ఆల్బం చివరి పేజీలో అంటించి, ప్లేటుతో సహా మదనపల్లె తెచ్చాడు. కెమెరా మోసుకుంటూ చిన్నస్వామీ వెంట వచ్చాడు, స్టూడియో మెట్ల కింద నిలబడ్డాడు.

ఈశ్వరప్ప అద్దాలు పెట్టుకుని ఒక్కో పేజీ తిప్పాడు.

"ఆహా, వెంకటరమణప్ప. ఆ దర్జా సూడు, వంశంలోనే ఉండాది. ఈయప్ప వకీలు, చదువు కండ్లల్లో తెలస్తాండాది. ధర్మకర్త, ఎంత భక్తి. సుశీలమ్మ, మహాతల్లి, ముఖంలోనే లక్ష్మి ఉండాది."

చివరి పేజీ దగ్గర ఆయన చేయి ఆగిపోయింది. దగ్గరగా పెట్టుకుని చూశాడు, ముందుకు తిప్పి చూశాడు, మళ్ళీ వెనక్కి వచ్చాడు.

"ఈడెవుడప్పా? పెద్దమనుషుల పోలికలన్నీ దొంగతనం చేసినట్టుండాడే. కన్ను వెంకటరమణప్పది, ముక్కు వకీలుది, నోరు సాక్షాత్తు సుశీలమ్మది. కూలోడికి ఇవన్నీ యాడ నుంచి వస్తాయి? పెద్దలు సూస్తే బాగుండదు. దీన్ని చించెయ్, ఆ గాజు కూడా ఇట్లియ్యి, గీకి కిటికీకి ఏస్తా. ఈ పొద్దే నీకు కుర్చీ."

ఇవన్నీ ఇతనివే అని ఒక్క మాట చెబితే సరిపోయేది. ఆ మాట శాంతిరాజు గొంతు దాకా వచ్చింది కూడా. ఆసుపత్రి గదిలోని గుడ్డపేలికలు, గిన్నెలో ఎర్రటి నీళ్ళు కళ్ళ ముందు ఆడాయి. కుర్చీ ఖాళీగా పక్కనే ఉంది. చించేశాడు.

మెట్ల కింద చిన్నస్వామి అడిగాడు. "నాది బాగొచ్చినాదా అప్పా?"

"చెడిపోయింది చిన్నస్వామీ. వెలుతురు చాల్లేదు."

"పోనీలేప్పా. నా మొగమే అంత," అని అతనే శాంతిరాజును ఓదార్చాడు. సిగ్గుతో శాంతిరాజుకు ఆ పూట అన్నం గొంతు దిగలేదు. మరుసటి పూట దిగింది. సత్యానందం ఇంట్లో కృతజ్ఞతా కూటం పెట్టించి అందరికీ కాఫీ ఇచ్చాడు.

తర్వాత కొన్నాళ్ళకు పుంగనూరు పెద్దలకు ఒక ఇబ్బంది ఎదురైంది. సత్రంలో ఫోటోకు దండం పెట్టి బయటికొచ్చిన జనం, పేడ ఎత్తుతున్న చిన్నస్వామిని చూసి తడబడుతున్నారు. ఒకరిద్దరు దండం కూడా పెట్టేశారు. పెద్దమనుషుల ముఖాన్ని ఒక పాలేరు ఎండలో వానలో వాడి పాడుచేయడం తగదని అందరూ కలిసి నిర్ణయించి అతన్ని పనిలోంచి తీసేశారు. అతను బంగారు గనుల్లో పనికి పోయాడు. భూమి లోపల ఎవరి ముఖమూ ఎవరికీ కనబడదు కాబట్టి అక్కడ ఏ అభ్యంతరమూ రాలేదు. పందొమ్మిదివందల నలభై తొమ్మిదిలో దగ్గుతో పోయాడు. ఫోటోల్లో ఉన్న పెద్దమనుషులందరూ మాత్రం గుండ్రాళ్ళలా ఉన్నారు. పెట్టె ఆయుస్సు లాగుతుందన్న మాట ఆ విధంగా రుజువైందని, ముందుచూపుతో తాము చేసిన ఏర్పాటు ఎంత మేలైందో చూశారా అని వకీలు సత్రంలో ఉపన్యసించాడు.

ఒక మధ్యాహ్నం బుజ్జమ్మ స్టూడియోకు వచ్చింది. దీపం పెట్టుకోవడానికి ఒక పటం కావాలంది. గాజు పెట్టెలో వరుసగా పేర్చిన పెద్దమనుషుల ఫోటోల ముందు ఆగిపోయింది.

"ఇది మా ఆయప్పే. ఇదీ మా ఆయప్పే. ఈ చీరలో ఉండేది కూడా ఆయప్పే. ఆ గాటు సూడప్పా. ఏదో ఒకటియ్యి, కోటున్నా పర్లేదు."

ఇంతకాలానికి ఆ ఫోటోలను సరిగ్గా చూసిన మొదటి మనిషి ఆమె. శాంతిరాజు ఆమె కళ్ళలోకి చూడలేకపోయాడు. అప్పటికి అతనికి కళ్ళజోడు, కడుపు, ఈశ్వరప్ప గొంతు వచ్చేశాయి. "పెద్దల ఫోటోలు బయటివాళ్ళకిచ్చే పద్ధతి లేదమ్మా," అన్నాడు. బుజ్జమ్మ గాజు మీద ఒక్కో గాటునూ వేలితో తడిమి వెళ్ళిపోయింది. ఆమె వేలిముద్రలు తుడిపించారు.

ఇంతవరకు చదివినవారు శాంతిరాజును తిట్టుకోదలిస్తే తిట్టుకోవచ్చు. దానికి ముందు, మీ ఇంట్లో దేవుడి గది పక్కన దండ వేసి ఉన్న తాతగారి పటం ఒకసారి దించి, అద్దం తుడిచి, ఎడమ కనుబొమ్మ మీద చూడండి. గాటు కనబడితే కంగారుపడనక్కర్లేదు. మీ తాతగారు ఆ మనిషిని బతికున్నన్నాళ్ళూ వాకిలి దాటనివ్వలేదు. మీరు రోజూ పొద్దున్నే స్నానం చేసి, అగరొత్తి వెలిగించి, ఆ మనిషికే దండం పెట్టుకుంటున్నారు. పిల్లలకు ఆయన పోలికే వచ్చిందని మురిసిపోతున్నారు కూడా. పటం తిరిగి ఇచ్చేయాల్సిన పని కూడా లేదు, అడగడానికి బుజ్జమ్మ ఇప్పుడు రాదు. ఎప్పట్లాగే గోడకు తగిలించుకోండి. విషయం తెలిసింది కదా అని పసుపునీళ్ళు మాత్రం చల్లకండి. ఆ ముఖం చెరిగిపోతే మీకు వేరే తాత లేడు.