కుదిరిన వంట

ఆ ఊళ్ళో వంట బాగా కుదిరినవాళ్ళు తినేవాళ్ళకు గానీ, ఇంటికొచ్చినవాళ్ళకు గానీ కనిపించరు. ఇందులో వింతేమీ లేదు, మొదటినుంచీ అంతే. కూరలో ఉప్పు తగ్గితే వండిన మనిషి గుమ్మంలో ప్రత్యక్షమై, సణుగుడు ఆగేదాకా అక్కడే నిలబడి ఉంటుంది. అన్నం మాడితే వీధి చివరిదాకా కనిపిస్తుంది. అన్నీ సమంగా పడ్డ రోజున మాత్రం వంటింట్లో గరిటె చప్పుడు తప్ప ఏమీ ఉండదు. మాట సంగతీ అంతే. "భోజనానికి రండి" అన్న ఒక్క ముక్క తప్ప వాళ్ళు ఏం మాట్లాడినా బయటి గదిలోకి వినిపించదు.

పురుషోత్తం భార్య హైమావతి వంట తప్పిన రోజు అతనికి జ్ఞాపకం లేదు. అంటే ఆవిడ కనిపించి చాలా ఏళ్ళయిందన్నమాట. దానికి ఆయనగారు బెంగపడ్డదీ లేదు. వేళకి కంచం వస్తోంది, కంచంలో కావలసినవన్నీ ఉంటున్నాయి, ఇంకేం కావాలి?

అలా సాగిపోతుండగా మునిసిపాలిటీవాళ్ళు వంటిళ్ళ సర్వే మొదలుపెట్టారు. గుమాస్తా ఇంటికొచ్చి, వండే మనిషి ముఖంలో గుర్తు ఏదైనా ఒకటి చెప్పమంటాడు. ఇంట్లోవాళ్ళు చెప్పగలిగితే ఆ మనిషి మనుషుల లెక్కలో ఉంటుంది. చెప్పలేకపోతే సామాను లెక్కలోకి మారుస్తారు. పెళ్ళి ఫోటోలు చెల్లవు, ముఖం ఇప్పటిదై ఉండాలి. ఎదురింట్లో అప్పుడే సర్వే అయిపోయింది. గ్రైండరు ఒకటి, మిక్సీ ఒకటి, అత్తయ్య ఒకటి అని రాసుకుని వెళ్ళారు. ఆ క్షణంనుంచి ఆ ఇంట్లో ఎవరికీ ఆవిడ పేరు గుర్తు రావడం లేదు.

ఆ కబురు విన్న పూట పురుషోత్తానికి ముద్ద దిగలేదు. హైమ ముఖం తలుచుకుందామంటే ఎంతకీ రాదే. ముక్కుపుడక కుడివైపా, ఎడమవైపా? అసలు ఉందా? ముఖం ఎలాగూ పోయింది, ఇప్పుడు పేరు కూడా పోతుందంటే ఊరుకోలేకపోయాడు. వంటింటి గుమ్మం దగ్గరికెళ్ళి, "హైమా, ఈ పూట చారులో ఉప్పు మానెయ్యవే. ఒక్కసారి చూస్తాను," అని బతిమాలాడు. ఆ పూట చారు అమృతంలా ఉంది. తిట్టుకుంటూనే రెండుసార్లు పోయించుకున్నాడు.

ఇక మిగిలిన దారి ఒక్కటే. వంట కుదిరినవాళ్ళు ఒకరికొకరు కనిపిస్తారు కాబట్టి తనూ నేర్చుకోవాలి. మునిసిపాలిటీవాళ్ళే నడిపే సులభ వంటల తరగతిలో చేరాడు. అక్కడ పాఠం చెప్పే నాంచారమ్మగారు రోజూ చారులో ఉప్పు దండిగా వేసి, ముందు విద్యార్థులందరికీ తలా ఒక గ్లాసు పోసేది. పాఠం చెప్పేవాళ్ళు కనిపించాలన్నది ఉద్యోగ నిబంధన.

"బియ్యం మీద ఒక కణుపు ఎత్తున నీళ్ళుండాలి, వేలు పెట్టి చూసుకోండి," అనేది ఆవిడ. "కందిపప్పులో టమాటాలు, పచ్చిమిరపకాయలు, చిటికెడు పసుపు వేసి కుక్కర్లో పెట్టెయ్యండి. ఉప్పు పప్పు ఉడికాకే. పోపులో ఆవాలు చిటపటలాడేదాకా ఆగాలి. అబ్బాయిలూ, మీకు ఆ ఆగడమొక్కటే రావట్లేదు."

పురుషోత్తానికి నిజంగానే ఆగడం రాలేదు. ఆవాలు పచ్చిగా ఉండగానే దించేసేవాడు. పప్పు అడుగంటించాడు, అన్నం ముద్ద చేశాడు. ఆ రోజుల్లో అతను ఊరంతటికీ కనిపించేవాడు. ఇంటర్ చదువుతున్న కొడుకు కిరీటి కంచంలోంచి తలెత్తి, "ఏంటి నాన్నా ఇది, పోస్టర్లు అంటించుకోవచ్చు," అనేవాడు. పోనీలే, మాటంటూ ఆడుతున్నాడు కదా అని తండ్రికి లోపల్లోపల సంతోషంగానే ఉండేది.

సర్వేకి వస్తామన్న రోజు మధ్యాహ్నం టమాటా పప్పు కుదిరింది. కిరీటి కలుపుకుని తింటున్నాడు. ఏమీ అనలేదు, ఫోన్లోంచి తల ఎత్తలేదు. పురుషోత్తం వంటింట్లోకి తిరిగేసరికి గట్టు దగ్గర హైమావతి నిలబడి ఉంది. చెంపల దగ్గర జుట్టు నెరిసింది. ఎడమ కంటి కింద నూనె చిట్లిన మచ్చ. కళ్ళజోడు కూడా ఉంది.

"కళ్ళజోడు ఎప్పుడు పెట్టుకున్నావే?" అన్నాడు.

"కిరీటి హైస్కూల్లో చేరిన ఏడు. చెప్పానండీ."

అతనికి ఏడుపొచ్చింది. ఆ మచ్చ మీద వేలు పెట్టి చూశాడు. ఇన్నాళ్ళూ తన కంచంలోకి వచ్చిన ప్రతి వేపుడూ తలపుకొచ్చి సిగ్గుతో చచ్చిపోయాడు.

"బాగా వండారు," అందావిడ, సంతోషమేమీ లేకుండా. "ఇప్పుడు గుర్తు చెప్పేదెవరు?"

ఆ సంగతి మహానుభావుడికి తట్టనే లేదు. అంతలోనే గుమాస్తా వచ్చి కూర్చున్నాడు. పురుషోత్తం ఎదురుగా వెళ్ళి నిలబడి, "ఎడమ కంటి కింద మచ్చండీ," అని గొంతు చించుకున్నాడు. గుమాస్తా కిరీటిని ఫ్యాను వెయ్యమన్నాడు. భోజనం వేళకే వచ్చినట్టున్నానని నవ్వుతూ పీట లాక్కున్నాడు.

పొయ్యి మీద చారు మరుగుతోంది. ఉప్పు ఇంకా పడలేదు. అలాగే దించితే చాలు. సణుగుడు మొదలవుతుంది, తను కనిపిస్తాడు, అది ఆగేలోపు మచ్చ సంగతి చెప్పెయ్యొచ్చు. పురుషోత్తం గరిటె పట్టుకుని గుమ్మంలోంచి చూశాడు. పప్పన్నం అయిపోయి కిరీటి చారు కోసం చూస్తున్నాడు. పక్కన ఎండలో పడి తిరిగొచ్చిన మనిషి. చప్పిడి చారు వీళ్ళకెలా పోస్తాం అని ఒక్క క్షణం అనుకున్నాడు. చూసుకునేసరికి చెయ్యి ఉప్పు వేసేసింది.

"నాకూ ఇంతేనండీ," అంది హైమావతి. "మీరు అడిగిన పూట కూడా వెయ్యకూడదనే అనుకున్నాను. ఎవరో ఒకళ్ళు ఆకలితో వచ్చి కూర్చుంటారు. ఇంక చెయ్యి ఆగదు."

గుమాస్తా తృప్తిగా తిని, మూతి తుడుచుకుని కాగితాలు తీశాడు. "మీ ఇంట్లో వండేదెవరు బాబూ? ముఖంలో గుర్తేమైనా ఉందా?"

కిరీటి ఆలోచించాడు. అబద్ధాలాడే పిల్లాడు కాదు. "ఎవరూ వండరండీ. వంట అవుతుంది."

"మా ఇంట్లోనూ అంతే," అన్నాడు గుమాస్తా. లోపల రెండు గరిటెల చప్పుడు వినిపిస్తోందని, సామాను లెక్కలో రెండు అని రాసుకుని వెళ్ళిపోయాడు.

వంటింట్లో ఆ రెండూ ఎదురెదురుగా నిలబడి ఉన్నాయి. ఒకదాన్ని ఒకటి పిలుచుకోబోయి, పేరు అందక ఆగాయి.

బయటినుంచి కిరీటి "పెరుగు" అన్నాడు. ఎవరితో అన్నాడో వాడికీ తెలియదు. పెరుగు వచ్చింది.