కామేశ్వరమ్మగారి అసంతృప్తి

భార్యకు తెలియని జీతంతో ఏ ఉద్యోగికీ సంపూర్ణ సంతృప్తి కలగదు! ఈ మాట నాది కాదు. తొమ్మిదో తరగతి సగంలో పుస్తకాలు మూసి పెళ్లిపీటల మీద కూర్చున్నదాన్ని, నాకంత జ్ఞానం ఎక్కడిది? ఢిల్లీ నుంచి వచ్చిన సర్క్యులర్‌లో ఉన్న మాట.

మా ఆయన కొండల్ ఒక సర్కారీ కంప్యూటర్ సెంటర్లో పంచింగ్ ఆపరేటరు. అంటే పొద్దున్నుంచి సాయంత్రం దాకా అట్టకార్డులకు చిల్లులు పొడుస్తాడు. ఆ చిల్లులు చదివి కంప్యూటరు లెక్కలు చెబుతుందట. కానీ సైదాబాద్‌లో మా గల్లీకి ఆయన కంప్యూటర్ ఇంజనీరు! జీతం పదిహేను వందలు! ఇంటి ఓనరు నాగమణమ్మకు ఆయనే చెప్పాడు. మా అన్న చేబదులు అడిగిన రోజున అదే జీతం నాలుగు వందలకు పడిపోయింది. నాకు మాత్రం ఏ అంకె కూడా చెప్పలేదు. ఒకటో తారీఖున మూడు వందలు చేతిలో పెట్టి, "గింతే. మిగిలింది కటింగుల్ల పోయింది" అనేవాడు.

నా ఫికరంతా ఏడు నెలల బాబు గురించి. నా పాలు చాలక వాడు చిక్కిపోతున్నాడు. డబ్బాపాలు పట్టమని డాక్టరమ్మ చెప్పి నెల దాటింది. నేను పావు లీటరు పాలలో పావు లీటరు నీళ్లు కలిపి పడుతున్నాను.

"ఇంజనీరు పెండ్లానివి, గీ నీళ్లపాలేందే బిడ్డా?" అని నాగమణమ్మ రోజూ గిన్నెలోకి తొంగిచూసేది.

"ఇంజనీర్ల పిల్లలకు చిక్కటి పాలు పడయంట పెద్దమ్మా!" అనేదాన్ని. మొగుడి పరువు కాపాడాలి కదా!

అలాంటి రోజుల్లో దిగింది ఆ సర్క్యులర్. 'కంప్యూటర్ సిబ్బంది వేతన సంతృప్తి సర్వే.'

కార్డుల పనిలో ఒక పద్ధతి ఉంది. ఒకరు పొడిచిన కార్డును ఇంకొకరు మళ్లీ పొడిచి సరిచూడాలి. రెండూ కలవకపోతే ఆ కార్డు చెల్లదు. సంతృప్తిని కూడా అలాగే సరిచూడమన్నారు ఢిల్లీ పెద్దలు! భర్త ఒక ఫారం ఆఫీసులో నింపాలి, భార్య ఒకటి ఇంట్లో నింపాలి. మొదటి ప్రశ్న, జీతమెంత? రెండో ప్రశ్న, దానితో సంతృప్తిగా ఉన్నారా? మొదటి ప్రశ్నకు రెండు ఫారాల్లోనూ జవాబు కలవకపోతే ప్రమోషన్ గల్లంతు. 'లేదు' అని రాసినా గల్లంతేనని ఆఫీసులో గుసగుస. అందుకని ముప్పై ఒక్కమంది ఆపరేటర్లూ కళ్లు మూసుకుని 'అవును' అని రాసేశారు. వాళ్ల గుబులంతా మొదటి ప్రశ్న గురించే. పెళ్లయిన ఇన్నేళ్లలో భార్యకు జీతం చెప్పిన పాపాన పోయినవాడు ఒక్కడూ లేడు!

ఆదివారం పొద్దున మా ఆయన తలుపు గడియ వేసి, కిటికీ మూసి, నా చెవిలో ఊదాడు.

"ఏడు వందల ఎనభై."

నేను బాబును గట్టిగా పట్టుకున్నాను. "ఏందీ! మరి నాకిచ్చే మూడు వందలు తీస్తే, ఇంక నాలుగు వందల ఎనభై ఏడ పోతున్నయయ్యా?"

"ఏడ పోతయి? ఇంజనీరు లెక్క కనబడొద్దా? ప్యాంట్లకు ఇస్త్రీ, హోటల్ల చాయ్, సిగరెట్లు. దోస్తులు బిల్లు కడ్తరా? నేనే కట్టాలె. ఇంజనీర్నాయె!"

"డాక్టరమ్మ చెప్పిన డబ్బా..."

"తెస్త! ఇయ్యాల్నే తెస్త. నువ్వు 'అవును' అని రాయి సాలు. ప్రమోషనొస్తే నెలనెలా తెస్త. లొల్లి జెయ్యకు!"

సంతృప్తి అంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. అది అరకిలో డబ్బాలో దొరుకుతుంది!

సాయంత్రం ఆఫీసరు జగన్నాథరావుగారే స్వయంగా ఫారం పట్టుకొచ్చారు. కోస్తా మనిషి, వెన్నలాంటి మాట. "చూడమ్మా, నీ మీద ఎవరి ఒత్తిడీ ఉండకూడదు. స్వేచ్ఛగా రాయాలి" అన్నారు.

"స్వేచ్ఛగ రాయవే!" అని మా ఆయన నా భుజం మీదుగా వంగి ఉరిమాడు.

నేను స్వేచ్ఛగా 'ఏడు వందల ఎనభై' అనీ, స్వేచ్ఛగా 'అవును' అనీ రాసి, కవరు అంటించి ఇచ్చాను. కవర్లు ఇక్కడ విప్పకూడదట. ఢిల్లీలోనే విప్పుతారట.

మా ఆయన ఆఫీసరుగారికి సోడా తేవడానికి వెళ్లాడు. ఆయన అటూ ఇటూ చూసి, జేబులోంచి ఇంకో ఫారం తీశారు.

"ఒక్క సాయం చేసిపెట్టాలి తల్లీ. ఇది మా ఆవిడ కామేశ్వరమ్మది. నా చేతిరాత ఢిల్లీ ఆఫీసులో అందరికీ తెలుసు. నువ్వు రాస్తే ఆడవాళ్ల రాతలా ఉంటుంది."

"అమ్మగారికి చదువు రాదా సార్?"

"అయ్యో, బీయే ప్యాసయింది! అదేనమ్మా వచ్చిన చిక్కు. ఇస్తే మొదటి ప్రశ్న చదివేస్తుంది కాదూ?"

ఆయన జీతం పదహారు వందల యాభై. ఇంట్లో చెప్పింది తొమ్మిది వందలట! "రెండోదానికి 'అవును' అని రాసి, కామేశ్వరమ్మ అని సంతకం పెట్టెయ్. ఎవరికీ చెప్పకు. నిజాయితీకి సంబంధించిన సర్వే ఇది!"

కవరుకు జిగురు ఎండిపోయిందనీ, మెతుకులతో అంటిస్తాననీ చెప్పి వంటింట్లోకి వెళ్లాను. బాబు చాప మీద వేలు చీకుతున్నాడు. నా చేతిలో కలం ఉంది. భుజం మీదుగా వంగి చూసేవాళ్లు లేరు. పేరు నాది కాదు, పోయే ప్రమోషనూ మాది కాదు. 'సంతృప్తిగా ఉన్నారా?' అని ఆ ఫారం నన్నే అడుగుతున్నట్టుంది. జీతం ఆయన చెప్పిందే వేసి, రెండోదానికి 'లేదు' అని రాశాను! రాసి, కింద గీత కూడా గీశాను. నాలుగు మెతుకులు ఎక్కువే మెదిపి అంటించాను.

ఆ ఆదివారం తెచ్చిన డబ్బా మూడు వారాలు వచ్చింది. రెండోది అడిగితే, "సర్వే అయితున్నది గదా, జీతం పెరగనీ" అన్నాడు మా ఆయన.

మూడు నెలలకు ఉత్తర్వు వచ్చింది. ఆయన దాని నకలు తెచ్చి, గుమ్మంలోనే నిలబడి చదివాడు.

"'ఆపరేటర్లలో ముప్పై ఒక్క కుటుంబములును సంపూర్ణ సంతృప్తితో ఉన్నందున, వారికి జీతము గాని హోదా గాని పెంచవలసిన అవసరము కనబడుట లేదు. అధికారుల శ్రేణిలో నూటికి నూరు పాళ్లు తీవ్ర అసంతృప్తి వ్యక్తమైనందున, వారి జీతము మూడు వందలు పెంచడమైనది!'"

"ఎందరయ్యా ఆ ఆఫీసర్లు?"

"ఒక్కడే! జగన్నాథరావు సాబ్! అందరికి లడ్డూలు పంచిండు. ఇంట్ల మాత్రం చెప్పకుండ్రి అన్నడు." ఆ కాగితం నా ముందు గిరాటేశాడు. "సూసినవా ఆ కామేశ్వరమ్మను? కింద గీత గూడ గీసిందని ఢిల్లీవోళ్లే రాసిండ్రంట! ఆడోళ్లంటే గట్లుండాలె. ఒక్క మాట రాసి మొగనికి మూడు నూర్లు పెంచింది. నువ్వూ ఉన్నవ్, ఎందుకు?"

బాబును చంకనేసుకుని ఆయన ముందు చేయి చాపాను.

"తప్పయింది. ఇగ నుంచి నేను గూడ గట్లనే ఉంట. మూడు వందలు నాకు సాలుతలెవ్వు. డబ్బాకు వేరేగ ఇయ్యి."

మా ఆయన నన్ను కింది నుంచి మీది దాకా చూశాడు.

"గదెట్ల కుదుర్తదే? సంతృప్తిగ ఉన్ననని సర్కారుకు రాసిచ్చినవ్ గదా!"