ఆవిరి బీరువాకు బాధ్యులు కావలెను

2025 ఆగస్టు 17, ఆదివారం. ఉదయం పది గంటల ఇరవై నిమిషాలు. స్థలం: బిలాస్‌పూర్, తార్‌బహార్, మన తెలుగు సంఘం భోజనశాల. హాజరైనవారు: అధ్యక్షులు చిన్నారావుగారు, లోకో షెడ్డులో ఫోర్‌మన్‌గా రిటైరైనవారు, ఉపాధ్యక్షులు వేణుగోపాల్‌గారు, థర్మల్ విద్యుత్కేంద్రంలో ఇంజనీరు, కార్యదర్శి ఉషారాణిగారు, బ్యాంకు మేనేజరు, తీర్మానాలు రాయడానికి స్కూలు మాస్టారినైన నేను, యంత్రాన్ని బిగించడానికి వచ్చిన నాగేంద్ర, ఇరవయ్యారేళ్లుగా ఇక్కడ వండుతున్న అసిరమ్మ. వీరు గాక గోడవారగా ఒక ఆవిరి బీరువా.

ఈ ఏడింటిలో మర్యాద తెలిసినది బీరువా ఒక్కటేనని సవినయంగా మనవి చేస్తున్నాను!

కోపగించుకోకండి. వంటమనిషి అక్కర్లేని వంటిల్లు మన కాలానికి దక్కిన మహాభాగ్యమని నేను ఆధారాలతో నిరూపించగలను. యంత్రంతోపాటు వచ్చిన నలభై ఆరు పేజీల ఇంగ్లీషు పుస్తకాన్ని మన సంఘంలో ఆసాంతం చదివినవాణ్ణి నేనొక్కణ్ణే. ఈ మాట గొప్పకు చెప్పడం లేదు. నాకు ఆదివారాలు వేరే పనేమీ ఉండదు.

బీరువా అన్నాను గానీ, బట్టలు పెట్టుకునేది కాదు. స్టీలు ఒళ్లు, రెండు తలుపులు, తలుపుల అంచున రబ్బరు గాస్కెట్, లోపల ఒకదానిపై ఒకటి పన్నెండు ట్రేలు. అడుగున ఒక చిన్న బాయిలర్. అందులో నీళ్లు, నీళ్లలో మునిగి ఉండే కరెంటు కడ్డీలు. స్విచ్ వేస్తే కడ్డీలు కాగుతాయి, నీళ్లు మరుగుతాయి, ఆవిరి గొట్టంలోంచి పైకి వచ్చి ట్రేల మధ్య తిరుగుతుంది. అంతే! ఇందులో అర్థం కానిది ఏముంది?

అసలు మహిమ ఆ తర్వాత ఉంది. నీళ్లు మరుగుదాకా రావడానికి కొంత వేడి చాలు. మరిగే నీరు ఆవిరి కావడానికి మాత్రం అంతకు అయిదింతలకు పైగా మింగుతుంది. మింగినా దాని ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ పెరగదు. ఆ ఆవిరి చల్లటి బియ్యపు గింజను తాకగానే తిరిగి నీరైపోతుంది, నీరైపోతూ తాను మింగిన వేడినంతా గింజకు అప్పగించేస్తుంది. మంట తగలదు గనుక మాడేది లేదు. పని ముగిసిన ఆవిరి ఒక బొట్టుగా మారి, అడుగున ఉన్న డ్రెయిన్ గొట్టంలోంచి చప్పుడు చేయకుండా బయటికి పోతుంది.

గమనించారా? ఉన్నదంతా ఇచ్చేసి, మారుమాట లేకుండా గొట్టంలోంచి వెళ్లిపోవడం! పనిచేసేవాళ్లు ఇలా ఉండాలని కోరుకోని కమిటీ ఈ దేశంలో ఎక్కడైనా ఉందా?

అసిరమ్మ ఈ విషయంలో చాలా వెనకబడి ఉంది. రైలుపట్టాల మీద గాంగ్‌మన్‌గా పనిచేస్తూ భర్త చనిపోయినప్పుడు సంఘం ఆమెకు వంటపనీ, భోజనశాల వెనక ఒక గదీ ఇచ్చింది. పని ఉన్నన్నాళ్లే గది. ఆమె వేరే ఇల్లు చూసుకోలేదు, మనమూ చూడమనలేదు. కనుక ఆనాటి అజెండాలో రెండో అంశాన్ని నా చేత ఇలా రాయించారు: ‘యంత్రము వచ్చినందున అసిరమ్మ సేవలను ముగించుట, గదిని ఖాళీ చేయించుట.’ ఆమెకు తెలియనిది కాదు. వారం రోజులుగా వంటింటి గోడమీద అంటించి ఉంది. దాని కిందే ఆమె కూరలు తరిగింది.

ఆమె మీద మన సంఘానికి ఉన్న ఫిర్యాదు వంట గురించి కాదు. నోటి గురించి! పోయిన చైత్రంలో అధ్యక్షులవారు రెండోసారి అన్నం వడ్డించమన్నారు. అరవైమంది ఎదుట ఆమె ఏమన్నదో విన్నవాళ్లు ఇప్పటికీ తలుచుకుంటారు.

“ఏటి బాబూ, సుగరున్నోడివి, రెండో తూరి అన్నవెందుకు నీకు? మీ ఆవిడికి ఫోను సేసి సెప్పమంటావా?”

బీరువా ఈ మాట అంటుందా? షుగరున్నవాడికీ లేనివాడికీ అది ఒకే అన్నాన్ని ఒకే మౌనంతో అందిస్తుంది. ఇంతటి సమదృష్టి మహర్షులకు కూడా ఆలస్యంగా అబ్బేది!

ఇక రుచి సంగతి. గురువారం నాడు ప్రయోగాత్మకంగా వండించాం. పుస్తకంలో బియ్యానికి ఇన్ని నీళ్లని ఒకే లెక్క ఇచ్చారు. మస్తూరీ నుంచి వచ్చిన కొత్త బియ్యానికి అంత నీరు పట్టదని అసిరమ్మ చెప్పింది. పుస్తకంలో లేదని వేణుగోపాల్‌గారు అన్నారు. ట్రే బయటికి లాగితే అన్నం ఒక్క ముద్దగా వచ్చింది, కత్తితో కోసి వడ్డించాం. అయినా ఎవరైనా నోరెత్తారా? అసిరమ్మ వండితే అడుగు మాడు నాకంటే నాకని కొట్లాడుకునేవాళ్లు ఆనాడు తలొక చతురస్రం తీసుకుని శాంతంగా తిన్నారు. ఐకమత్యం గురించి మనం ఎన్ని ఉపన్యాసాలు పెట్టించాం, ఒక్కటైనా ఈ ఫలితం ఇచ్చిందా?

ఈ యంత్రాన్ని వంటింటికే పరిమితం చేయడం అన్యాయమని నా అభిప్రాయం. దీనిలో ప్రెజర్ స్విచ్ ఉంది: ఒత్తిడి హద్దు దాటితే తనంతట తానే కరెంటు ఆపేస్తుంది. ఆ స్విచ్ ఆగిపోతే సేఫ్టీ వాల్వ్ ఉంది: తెరుచుకుని ఆవిరిని బయటికి వదిలేస్తుంది. నీళ్లు తగ్గితే కడ్డీలు వాటంతట అవే ఆగుతాయి. మన సర్వసభ్య సమావేశాల్లో ఈ మూడింటిలో ఒక్కటైనా ఉందా? వక్తకు నీళ్లు అయిపోయినా ప్రసంగం ఆగదు కదా!

అన్నట్టు, వంట పూర్తికాగానే ఇది మూడుసార్లు కూత వేస్తుంది. గురువారం నాడు కూత విని హాలులో ఇరవైమంది తమ తమ ఫోన్లు తీసి చూసుకున్నారు. తలుపు తెరిచింది అసిరమ్మే.

మన ఊరికి ఆవిరి కొత్తా? ఇక్కడి తెలుగు కుటుంబాల్లో సగం ఆవిరి ఇంజన్ల వెంట వచ్చినవే. మన తాతలు బొగ్గు విసిరి, నీళ్లమట్టం చూసే గాజుగొట్టం మీదనుంచి కన్ను తీయకుండా, వందల టన్నుల బండ్లను లాక్కుపోయారు. మనం అదే ఆవిరితో బీన్స్ ఉడకబెట్టుకుంటున్నాం. ఈ పురోగతి కొందరికి కనబడకపోతే తప్పు ఆవిరిది కాదు.

మళ్లీ ఆదివారానికి వస్తాను. ఒంటిగంటకు ప్రారంభ విందు. నూట ఇరవైమందికి పిలుపులు వెళ్లాయి. ట్రేలలో బియ్యం, కూరలు, ఇడ్లీపిండి సర్ది ఉన్నాయి. ఈసారి నీళ్లు కొలిచింది అసిరమ్మ. కొలుస్తుంటే అడ్డం వెళ్లినవాళ్లు లేరు.

నాగేంద్ర యంత్రం పనితీరు వివరించాడు. వీళ్ల తాత పనిచేసింది చిన్నారావుగారి షెడ్డులోనే. కుర్రవాడు తెలుగులో మొదలుపెట్టి హిందీలో దిగుతాడు.

“మొదటి అయిదు నిమిషాలు ఈ వెంట్ ఖులా రఖ్‌నా హై అంకుల్. లోపలి గాలి నికల్ జానే దో. తర్వాత బంద్ చేయాలి.”

“ఎందుకు?” అన్నారు అధ్యక్షులు.

నాగేంద్ర తల గోక్కున్నాడు. అసిరమ్మ చిక్కుళ్లు ఒలుస్తూనే అందుకుంది.

“గాలి లోనుండిపోతే ఆవిరికి సోటేదీ బాబూ? ఇడ్లీ గిన్నెకి నాను మూత కొంచెం ఒగ్గేసి పెట్టనేదా? మొదటి ఆవిరి పోనాకే బిగిస్తాను. నేపోతే నడిమి ఇడ్లీ పచ్చిగుంటాది.”

“అచ్ఛా! మౌసీకి అంతా తెలుసు,” అన్నాడు నాగేంద్ర. “పుస్తకంలో భీ యహీ లిఖా హై.”

అవును, పదకొండో పేజీ. గాలి మిగిలిన మూలకు ఆవిరి చేరదనీ, అక్కడి పదార్థం ఉడకదనీ పుస్తకం రెండు బొమ్మలు వేసి చెప్పిన సంగతిని ఆమె చిక్కుళ్ల మధ్యనుంచి చెప్పింది. ఇది పుస్తకాల మర్యాదకు భంగమని నేను మనసులో నమోదు చేసుకున్నాను.

అప్పుడు నాగేంద్ర సంచిలోంచి ఒక కాగితం తీశాడు.

“ఇదిగో, ఈ ఫార్మ్ పే సైన్ చాహియే. ఆపరేటర్ కా. సైన్ లేకపోతే నేను స్విచ్ ఆన్ చేయలేను న.”

ఉషారాణిగారు నాకు అందించారు. బిగ్గరగా చదివాను. కింద సంతకం చేసిన బాధ్యులు రోజూ నీళ్లమట్టం చూడాలి, వారానికొకసారి సేఫ్టీ వాల్వ్ మీట ఎత్తి పరీక్షించాలి, నెలకొకసారి కడ్డీలకు పట్టిన సున్నప్పొర తీయాలి. అంతవరకు అందరూ తలలూపారు. ఇంకో రెండు దాటాక ఆరో షరతు: అజాగ్రత్త వలన ప్రమాదం జరిగితే పూచీ యంత్రం అమ్మిన సంస్థది కాదు, కమిటీది కాదు, సంతకం చేసినవారిదే.

ఊపిన తలలు ఆగిపోయాయి.

“నాకు పెన్షనుంది కదా,” అన్నారు చిన్నారావుగారు. “ఈ వయసులో కేసులంటే ఏటి బాగుంటది? పైగా బీపీ.” ముప్ఫై ఏళ్లు షెడ్డులో గడిపిన మనిషి, మోకాలెత్తు బాయిలర్‌కు రెండడుగులు దూరం జరిగారు.

“మా కండక్ట్ రూల్స్ ఒప్పుకోవండీ,” అన్నారు వేణుగోపాల్‌గారు. ఆయన రోజూ చూసుకునే బాయిలర్ ఏడంతస్తుల ఎత్తుంటుంది. “బయటి సంస్థలో బాధ్యత తీసుకోవాలంటే పర్మిషన్ కావాలి. మూడు నెలలు పడుతుంది.”

“మేం లీగల్ ఒపీనియన్ లేకుండా సంతకం చేయకూడదు,” అన్నారు ఉషారాణిగారు. చేతిలోని పెన్నుకు మూత కూడా పెట్టేశారు.

అందరూ నావైపు చూశారు. తీర్మానం రాసేవాడు తీర్మానంలో భాగస్వామి కావడం సభా సంప్రదాయానికి విరుద్ధమని నేను వివరించాను. చాలా స్పష్టంగా వివరించాను. రెండుసార్లు.

గోడగడియారంలో పదకొండుంబావు. అన్నీ ఉడకడానికి గంటన్నర. అప్పటికే వ్యాపార్ విహార్ వైపు నుంచి వచ్చిన కుటుంబాలు కొన్ని ఆటోలు దిగుతున్నాయి. నాగేంద్ర స్విచ్ మీద చేయి పెట్టి, వేయకుండా నిలుచున్నాడు.

పాఠకులారా, నా వాదనలోని శిఖరం ఇదే. ఈ యంత్రం వండుతుంది, ఆగుతుంది, కూస్తుంది, ఒత్తిడి తానే దించుకుంటుంది. మనిషి అక్కర్లేదు. ప్రమాదం జరిగితే పట్టుకోవడానికి మాత్రం ఒకరు కావాలి! అంత చిన్న లోటు ఏ ఆవిష్కరణకు ఉండదు చెప్పండి?

“అసిరమ్మ ఉందిగా!” అన్నారు వేణుగోపాల్‌గారు, అప్పుడే ఆమెను చూసినట్టు.

“మరి రెండో అంశం?” అని గుర్తుచేశాను. నా వృత్తిధర్మం అది.

“ముందు సైన్ అవనివ్వండి,” అని ఆయన గొంతు తగ్గించారు. “ఆ అంశం వచ్చే నెలకు పెడదాం.”

“మనిషి వెళ్లినా పేరు ఉంటుంది కదండీ,” అన్నారు ఉషారాణిగారు.

ఇంత సూటిగా ఆలోచించే కమిటీ మనకు దొరకడం అదృష్టం. పొయ్యి దగ్గర మనిషి అక్కర్లేదు, గదిలో మనిషి అక్కర్లేదు, కాగితం మీద మనిషి ఉంటే చాలు!

“అసిరమ్మా, కాస్త సంతకం పెట్టీయే తల్లీ,” అన్నారు చిన్నారావుగారు, ఎన్నడూ లేని మెత్తదనంతో. “మాస్టారు సదివి వినిపిస్తారు.” ఆ వెంటనే ముగ్గురూ అతిథులకు ఎదురెళ్లారు. పరుగెత్తారని రాయడం బాగుండదు.

ఆమె చేతులు కడుక్కుని, కొంగుకు తుడుచుకుని, నా ఎదుటి కుర్చీలో కూర్చుంది. ఆ కుర్చీలో ఆమె కూర్చోవడం ఇరవయ్యారేళ్లలో నేను చూడలేదు.

“సదువు బాబూ. ఏదీ దాటేయకు.”

ఒకటి నుంచి మొదలుపెట్టి తెలుగులో చెప్పుకొచ్చాను. ఆరో షరతు దగ్గర నా గొంతు తగ్గింది.

“గట్టిగా సెప్పు. పేలితే నాదే పూచీ, అంతేనా?”

“అంతే.”

“మరిన్నాళ్లూ ఎవరి పూచీ అనుకున్నారు వీల్లు? అన్నం మాడితే నన్నే తిట్టినారు. గ్యాసు లీకైతే నడిరేతిరి నిద్దర్లోంచి నన్నే నెగ్గొట్టినారు. ఇప్పుడు కాయితం మీద రాసినారు. ఊఁ, తర్వాత?”

ఏడు, ఎనిమిది సామాన్యమైనవి. తొమ్మిదో షరతు నేను ఇంటి దగ్గరే చదివాను. నలభై నాలుగో పేజీలో ఈ పత్రం నమూనా ముద్రించి ఉంది. కమిటీలో దాని గురించి ఎవరూ అడగలేదు గనుక నేను చెప్పలేదు. అడగనిదానికి జవాబివ్వడం నా అలవాటు కాదు.

“‘బాధ్యుల పేరు మార్చదలచినచో, ప్రస్తుత బాధ్యులు తమ సమ్మతిని సంతకముతో ఇవ్వవలెను. అట్లు ఇవ్వనిచో వారంటీ, సర్వీసు రద్దగును. అసలు ప్రతి బాధ్యుల వద్దనే ఉండవలెను.’”

ఆమె కాగితం మీదికి వంగింది. హాలులోంచి చిన్నారావుగారి స్వాగతవచనాలు వినిపిస్తున్నాయి.

“అంటే, నాను ఊఁ అంటేనే నన్ను తీస్తారు.”

“నువ్వు ఊఁ అని రాసిస్తేనే.”

“నేపోతే ఈ డబ్బా పన్జెయ్యదు.”

“పాడైతే బాగుచేయడానికి ఎవరూ రారు.”

అసిరమ్మ నవ్వింది. పళ్లన్నీ కనబడేలా నవ్వింది.

“బాబూ, అదింకో తూరి సదువు.”

చదివాను. ఈసారి నాగేంద్ర కూడా దగ్గరికి వచ్చి విన్నాడు. “సహీ హై మౌసీ,” అన్నాడు.

ఆమె పెన్ను తీసుకుని, అక్షరం అక్షరం ఒత్తి, తెలుగులో సంతకం చేసింది. సాక్షిగా నా పేరు రాయమంది. నేను సభాసంప్రదాయం గురించి మొదలుపెట్టబోయాను. ఆమె పెన్ను నా చేతిలో పెట్టింది. రాశాను.

నాగేంద్ర దానికి ఫోనులో ఫోటో తీసుకుని స్విచ్ వేశాడు. అసిరమ్మ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, వెనకగదిలోకి వెళ్లి, రేకుపెట్టెలో చీరల అడుగున దాచి, గదికి తాళం వేసి వచ్చింది.