అమ్మ పాట, ఇత్తడి కాగు

ఆ ఆదివారం పొద్దున చెన్నకేశవులు పెట్టుకున్న పని ఒక్కటే. పదింటికి గుంటూరులో పల్లెపాటల సభలో అక్క మహాలక్ష్మమ్మ పాడుతుంది. అది ఫోనులో లైవ్ వస్తుంది. సభ వాళ్ళు తర్వాత దాన్ని ఉంచరట. కాబట్టి స్క్రీన్ రికార్డింగ్ చేసి దాచుకోవాలి. గొంతు సరిగ్గా లేవకపోతే నవ్విపోతారని, పాట సంగతి వీధిలో ఎవరికీ చెప్పొద్దని అక్క ఒట్టు పెట్టించుకుంది.

రికార్డింగ్ అంటే జంకే మనిషి కాడాయన. మాచర్ల బస్టాండు ఎదురుగా పదిహేడేళ్ళు కేసెట్ల కొట్టు నడిపాడు. జనం చీటీ మీద పాటల వరస రాసిస్తే సాయంత్రానికల్లా ఎక్కించి ఇచ్చేవాడు. ఎంత బాగుండేవి ఆ రోజులు! టేపు వదులైతే పెన్సిల్ దూర్చి తిప్పితే సరిపోయేది. కేసెట్ వెనకంచున ఉండే చిన్న ప్లాస్టిక్ ముక్కను విరగ్గొడితే, ఇక దాని మీద బ్రహ్మదేవుడు కూడా ఇంకో పాట ఎక్కించలేడు.

ఆ ముక్క విరగ్గొట్టడం ఒకే ఒక్కసారి మరిచాడు. అది అమ్మా అక్కా కలిసి పాడిన అప్పగింతల పాట కేసెట్. దాని మీద సర్పంచి ఎన్నికల ప్రచారం ఎక్కించేశాడు. అమ్మ పోయాక ఆ పాట అక్క గొంతులోనే మిగిలింది. ముప్పై ఏళ్ళుగా నాలుగిళ్ళ అవతల నుంచి ఆమె అడుగుతూనే ఉంది: "ఏరా, అమ్మ పాట ఏదిరా?" ఆ మాట విన్న పూట ఆయనకు అన్నం సహించదు. సభలో పాడేదీ ఆ పాటే. ఇవాళతో ఆ దెప్పిపొడుపు ఆగిపోవాలి.

ముందురోజే మనవరాలు భవిత నేర్పింది. మొదటిసారి రెండు నిమిషాలకే రికార్డింగ్ ఆగిపోయింది.

"ఫోన్లో జాగా లేదు తాతయ్యా. ఈ గుడ్‌మార్నింగ్ బొమ్మలన్నీ ఏంది?" అని నాలుగు వేల పూలగుత్తులు చెరిపేసింది. రెండోసారి మధ్యలో కాల్ వచ్చి తెగింది. ఎవరు చేసినా మోగకుండా సెట్ చేసింది. "సౌండ్ దగ్గర 'మీడియా' అని పెట్టా, ఫోన్లో వచ్చే పాటే ఎక్కుద్ది. దాన్ని కదిలించమాక," అని చెప్పి, తెల్లారి పరీక్షకు నరసరావుపేట బస్సెక్కింది.

ఆమె అటు వెళ్ళగానే ఆయన ఇటు కదిలించాడు. మైకు లేకుండా రికార్డింగేంది, చిన్నపిల్లకు ఏం తెలుసులెమ్మని మైకు గుర్తు నొక్కాడు. కొట్టులో అలవాటు కొద్దీ ఇయర్‌ఫోన్లు కూడా తగిలించాడు. టేపురికార్డరులో అయితే పాట చెవిలోకీ పోయేది, కేసెట్‌లోకీ పోయేది. ఫోనుదీ అదే పద్ధతి అనుకున్నాడు.

మైకు పెట్టాక చుట్టూ సద్దు ఉండకూడదు. ఎదురుగా కొండమ్మ పిండిమర గరగరలాడుతోంది. పదికి అయిదు నిమిషాలుందనగా పరిగెత్తాడు. అమ్మ పాట తలుచుకుని అప్పటికే కళ్ళు చెమర్చాయి.

"కొండమ్మా, ఒక్క అరగంట మర ఆపు. అక్క కోసం," అని చేతులు జోడించి, సమాధానం కోసం ఆగకుండా ఇంట్లోకి దూరాడు.

ఆ మర పండగనాడు కూడా ఆగదు. వీధిలో ఎవరన్నా పోతేనే ఆగుతుంది. కొండమ్మ షట్టరు దించింది. అది చూసి పక్కన వెల్డింగ్ షాపు ఇక్బాల్ కూడా దించాడు.

"ఏందక్కా, ఎవరు?"

"గుంటూరు పోయిన మన లచ్చమ్మక్కరా!"

"నిన్న బస్సెక్కించింది నేనే గదా! చానా కులాసాగా ఉంది!"

ఇక్బాల్ చెన్నకేశవులుకు ఫోన్ చేశాడు. ఎత్తలేదు. మహాలక్ష్మమ్మకు చేశాడు. సభలో ఉన్న ఆమె ఫోన్ ఆపేసి ఉంది. ఇంకేం కావాలి? మాట వీధి చివరిదాకా వెళ్ళి, పూలదండతో తిరిగొచ్చింది.

లోపల చెన్నకేశవులు తలుపు వైపు వీపు పెట్టి, కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. అక్క గొంతు వణికిన చోటల్లా అమ్మ వినిపిస్తోంది. ఆయన అప్పుడు గదిలో లేడు. అక్క పెళ్ళిపందిట్లో, అమ్మ కొంగు పట్టుకుని ఉన్నాడు. బుగ్గల మీదుగా నీళ్ళు కారిపోతున్నాయి.

తలుపు తోసి ఆ వాలకం చూశాక కొండమ్మకు అనుమానం మిగల్లేదు. గడపలోనే కూలబడింది.

"ఓ లచ్చమ్మక్కా! ఎవరింట్లో కాన్పయినా నువ్వే ముందుండేదానివి గదమ్మా! నీ చేతి గోంగూర ఇంకెవరు పెడతారమ్మా! నీ ఇత్తడి కాగు నా అటక మీదే ఉందమ్మా! దొంగలెత్తుకుపోయారని అబద్ధం ఆడానమ్మా!"

వెనక వచ్చినవాళ్ళు తలా ఒక గుణం అందుకున్నారు.

పాట అయింది. చెన్నకేశవులు ఇయర్‌ఫోన్లు తీసి వెనక్కి తిరిగాడు. వీధి వీధంతా తన గదిలో ఏడుస్తోంది.

"ఏమైంది? ఎవరు పోయారు?"

ఏడుపులు టక్కున ఆగాయి. ఫోన్లో మహాలక్ష్మమ్మ నిక్షేపంగా నిలబడి సభకు దండం పెడుతోంది. ఇక్బాల్ చేతిలోని దండను మెల్లగా వెనక దాచుకున్నాడు.

సాయంత్రం ఆమె వచ్చేసరికి తమ్ముడు అరుగు మీద తల వంచుకుని ఉన్నాడు, చుట్టూ కొండమ్మా వీధివాళ్ళూ. "మళ్ళీ పోగొట్టానక్కా. నీ పెదాలు కదులుతున్నాయి, పాట లేదు. అంతా వీళ్ళ ఏడుపే ఎక్కింది."

"ఏదీ, పెట్టు."

మూడుసార్లు విన్నది. కాగు దగ్గర ఆపించి ఇంకోసారి పెట్టించుకుంది. కొండమ్మ గబగబా ఇంటికి పోయి అటక ఎక్కింది. మహాలక్ష్మమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"ఇది చెరిపేస్తానక్కా. ఇంట్లోనే ఇంకోసారి పాడు," అన్నాడు తమ్ముడు.

"చెరిపావంటే ఊరుకోను. పాటదేముంది, రేప్పొద్దున పాడతా. ఇంత బాగా ఏడవమంటే వీళ్ళు మళ్ళీ ఏడుస్తారంట్రా? ఈసారన్నా ఆ ముక్క విరగ్గొట్టు."

చెన్నకేశవులు ఫోనును నాలుగు వైపులా తిప్పి చూశాడు. విరగ్గొట్టడానికి ఏ ముక్కా కనిపించలేదు.