వాగుకు వంద అడుగుల దూరం

ఒక పెద్ద అడవిలో ప్రతిదానికీ ఓ కమిటీ ఉండేది, వాగుకు తప్ప. వాగు ఎవరి సొత్తూ కాదు కాబట్టి దాని సంగతి ఎవరికీ పట్టేది కాదు. అందులోనే బతికే నీటికుక్క పైడమ్మకు మాత్రం పట్టక తప్పలేదు. వాన పడ్డ ప్రతిసారీ ఆమె ముగ్గురు పిల్లలకూ కళ్లు పుసులు కట్టేవి. చేపలు వెల్లకిలా తేలేవి.

కారణం కనిపెట్టడానికి పండితులక్కర్లేదు. గట్టుమీద జంతువులు గడ్డి పీకేసి, నేలను తొక్కి తొక్కి గచ్చులా చేసుకున్నాయి. పడ్డ చినుకు ఇంకే దారి లేక, పేడనూ కుళ్లిన పళ్లనూ తోసుకుంటూ నేరుగా వాగులోకి దిగేది.

పైడమ్మ మూడు నెలలు అడవి సభ చుట్టూ తిరిగింది. ఆఖరికి అధ్యక్షుడు, అడవిపంది వరహాలయ్య, మెత్తబడ్డాడు.

"అలాగేనమ్మా. వాగుకి వంద అడుగుల్లోపు ఎవ్వరూ గడ్డి పీక్కూడదు, కొత్త బొరియ తవ్వకూడదు. చట్టం చేసేద్దాం."

పైడమ్మకు కళ్లనీళ్లొచ్చాయి. "మీ కడుపు చల్లగుండ, బాబూ," అంది.

వరహాలయ్య సొంత వాకిలి వాగుకు సరిగ్గా ఇరవై అడుగుల్లో ఉంది. అందుకే చట్టం చివర చిన్న వాక్యం ఒకటి చేర్పించాడు: పున్నమి నాటికి ఉన్నవాటికి ఇది వర్తించదు. పున్నమికి ఇంకా పదిహేను రోజులుంది. గుమాస్తా గవరయ్య, జాతికి ముళ్లపంది, ఆ ముక్క అడవంతా చాటింపు వేయించాడు.

మర్నాడు పైడమ్మ లేచేసరికి గట్టంతా తిరనాళ్లలా ఉంది. ఎటు చూసినా తవ్వకాలే. పక్కింటి కుందేలు చినతల్లి ఒళ్లంతా మట్టి కొట్టుకుపోయి కనిపించింది.

"నీకు ఆరు బొరియలున్నాయి కదే, మళ్లీ ఎందుకు?"

"పున్నమి దాటితే తవ్వనివ్వరటొదినా. రేపు నా మనవలకి కావద్దూ?"

"నీకింకా పెళ్లే కాలేదు కదే."

"ఇప్పుడు తవ్వకపోతే అప్పుడెవరు తవ్వనిస్తారు?"

జన్మలో బొరియలో ఉండని అడవిదున్న కూడా యాభై అడుగుల మేర గడ్డి పీకి పారేసింది. ఎందుకని అడిగితే, ఏమో, ముందు పీకి ఉంచుతాను, తర్వాత ఆలోచించుకోవచ్చు, అంది.

గవరయ్య గుంట గుంటకూ తిరిగి 'పాతది' అని ఆకుమీద ముల్లుతో గీకి చీటీ ఇస్తున్నాడు. పైడమ్మకు ఒళ్లు మండింది.

"మట్టి ఇంకా తడారలేదు, పాతదంటావేంటయ్యా?"

"పున్నమికి ముందుది ఏదైనా పాతదేనమ్మా. ఇంతకీ నీ కలుక్కి చీటీ తీసుకున్నావా?"

"నాకెందుకు? ఈ చట్టం కావాలని అడిగిందే నేను."

"నీ ఇష్టం," అన్నాడు గవరయ్య, పక్క గుంటకు నడుస్తూ.

పున్నమి వెళ్లిన నాలుగోనాడు పెద్ద వాన పట్టింది. పట్టి ఉంచడానికి గడ్డి పరక లేదు. గట్టు గట్టంతా జారి వాగులోకొచ్చింది. గట్టు దిగువన వాకిలి ఉన్న వరహాలయ్య కోరల దాకా బురదలో కూరుకుపోతే నాలుగు దున్నలు కలిసి బయటికి లాగాయి. పైడమ్మ కలుగు కూలిపోయింది. పిల్లల్ని ఒక్కొక్కరినీ నోట కరుచుకుని పైకి చేర్చి, వాగుకు నలభై అడుగుల దూరంలో గోళ్లు ఊడేలా కొత్త కలుగు తవ్వుకుంది.

వాగు ఇలా ఎందుకైందని సభ విచారణ జరిపించింది. గట్టుమీద తవ్వినవాళ్లందరి దగ్గరా చీటీలున్నాయి. వరహాలయ్య వాకిలి మళ్లీ చదును చేయించుకోవడం మరమ్మతు కింద పోయింది. పున్నమి తర్వాత తవ్వింది, చీటీ లేనిది ఒక్క కలుగే తేలింది. రేపు సాయంత్రంలోగా ఖాళీ చెయ్యాలని గవరయ్య పైడమ్మకు నోటీసు చదివి వినిపించాడు.

పైడమ్మ అధ్యక్షుడి దగ్గరకు పరిగెత్తింది. "పసివాళ్లతో ఎక్కడికి పొమ్మంటారు బాబూ? వాగులో బురద తప్ప నీళ్లే లేవు."

వరహాలయ్య నిజంగానే నొచ్చుకున్నాడు. "నాకూ బాధగానే ఉందమ్మా. కానీ నువ్వడిగిన చట్టమే కదా. నీకోసం సడలిస్తే రేపు వాగు గతేం కావాలి?"

పైడమ్మ పిల్లల్ని తీసుకుని కొండ దాటి వెళ్లిపోయింది. వాగు గట్టున అక్రమ కట్టడం ఇక ఒక్కటీ లేదని సభ ఏకగ్రీవంగా తీర్మానించి, చప్పట్లు కొట్టి జేజేలు పలికింది. అరిచి అరిచి అందరికీ దాహమేసింది. వాగులోకి దిగారు, బురద చూశారు, నోరు తడుపుకోకుండానే పైకొచ్చారు.

నీతి: వాగును కాపాడాలనుకుంటే కాపాడండి గానీ, ఫలానా రోజు నుంచి కాపాడతామని మాత్రం చెప్పకండి.