నెంబరు పడని చెట్టు

"ఇకపై ఈ అడవిలో అనామక వృక్షమంటూ ఉండదు!" అని అటవీ మంత్రి వరహాలరావుగారు టైడా దగ్గర కొండమీద ప్రకటించారు. విలేకరిగా ముందు వరసలో కూర్చున్న నాకు ఒళ్ళు పులకరించింది.

చిన్న అడవే గానీ వందల ఏళ్ళనాటిది. పిల్లి అంత ఉండే అరుదైన ఉడతలు, బెట్లుడుతలు, ఆ కొమ్మల్లోనే గూళ్ళు కట్టుకుంటాయి. "మనుషులకు ఆధార్ ఇచ్చాం. చెట్లేం పాపం చేశాయి?" అన్నారు మంత్రిగారు. ఒకటే చప్పట్లు.

మర్నాడే రేంజరు లక్ష్మీప్రసాద్ తెల్లరంగు డబ్బాలతో దిగారు. రెండు వందల పన్నెండు చెట్లకు నెంబర్లు పడ్డాయి. మిగిలింది పెద్ద మామిడి. దాని మొదట్లో ఊరి అమ్మవారుంది. ఊరిపెద్ద సోంబరు అడ్డం నిలబడ్డాడు.

"పసుపు రాసిన అమ్మోరికి నెంబరేటి బాబూ?"

"మూఢనమ్మకం," అని నాతో గొణిగి, రేంజరు డబ్బా మూత పెట్టేశారు. అప్పటికే భోజనాల వేళయింది.

ఇంత గొప్ప అడవిని జనం చూడొద్దూ? రోడ్డు వెడల్పు చేయమన్నారు మంత్రిగారు. దారికి అడ్డొచ్చే నాలుగు చెట్లు తీయడానికి మేస్త్రీ అప్పన్న రంపాలతో వచ్చాడు. రేంజరు విశాఖలో వన్యప్రాణి వర్క్‌షాపులో ఉన్నారు. ఊరు ఊరంతా అరిచినా రంపాల మోతలో వినబడలేదు. అప్పన్న ఒకటో నెంబరుతో మొదలుపెట్టి, వరస తప్పకుండా రెండు వందల పన్నెండు దాకా పడగొట్టాడు. ఇంత క్రమశిక్షణ నేనెక్కడా చూడలేదు.

"ఇదేం పనయ్యా!" తిరిగొచ్చిన రేంజరు గుండెలు బాదుకున్నారు.

"నెంబరేసిన సెట్టు కొట్టాల, నెంబరు లేంది ముట్టుకోకూడదు. పాతికేళ్ళుగా మీ డిపార్టుమెంటోల్లు సెప్పిందే సేత్తన్నాం. రూలు మారితే బేగి సెప్పొద్దేటి?"

రేంజరు సంజాయిషీ రాయడానికి మాటలు వెతుక్కున్నారు. మంత్రిగారికి ఆ ఇబ్బంది లేదు.

"నెంబరు లేని ఒక్క చెట్టుకూ హాని జరగలేదు, రాసుకోండి!" అన్నారు ప్రెస్‌మీట్‌లో. "ఉడతలన్నీ ఆ మామిడి మీదకే చేరాయి. ఒక్క చెట్టుకు పంతొమ్మిది! ఎక్కడుందండీ ఇంత సాంద్రత?"

ఆ చెట్టుకు ప్రత్యేక రక్షణ ప్రకటించి, స్వయంగా బ్రష్షు పట్టుకుని బయల్దేరారు. వెనక డబ్బాతో రేంజరు, ఆ వెనక కెమెరాతో నేను.

సోంబరు మామిడిని రెండు చేతులా వాటేసుకుని భోరుమన్నాడు.

"మీ కాళ్ళట్టుకుంతాను బాబూ! దీన్ని మాత్రం కాపాడకండి!"

ఫొటో చాలా బాగా వచ్చింది. 'మంత్రిగారి రాకతో గిరిజన పెద్ద ఆనందబాష్పాలు' అని కింద రాసి పంపాను.